సంకేతము నేర్పిన చాలునా?

రోగి ఆసుపత్రి విడిచి ఇంటికి వెళ్ళిన పిదప అతని వెనుక ఒక కాగితముల కట్ట మిగిలిపోవును. అందు వైద్యుని వ్రాతలు, పరీక్షల ఫలితములు, ఇచ్చిన మందుల వివరములు ఉండును. ఆ కట్టను చదివి ప్రతి వ్యాధికిని, ప్రతి చికిత్సకును అక్షరములతోను, అంకెలతోను కూడిన ఒక నిర్ణీత సంకేతమును వేయుటయే మెడికల్ కోడింగ్. అమెరికాలో బీమా సంస్థలు ఆసుపత్రులకు చెల్లించు సొమ్ము చాలవరకు ఈ సంకేతములపై ఆధారపడును. ఆ దేశపు రోగుల పత్రములకు హైదరాబాదులో కూర్చుండి సంకేతములు వేయు యువతీయువకులు అనేకులు కలరు. జీవశాస్త్రము, ఫార్మసీ మొదలగునవి చదివిన పట్టభద్రులు అమీర్‌పేట వంటి చోట్ల కొన్ని నెలల శిక్షణ పొంది ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. ఎందరికో జీవనాధారమైన ఈ శిక్షణ యొక్క గుణదోషములను విచారింపవలసియున్నది.

మొదట గుణము. ఈ శిక్షణలో శరీర నిర్మాణము, వైద్య పరిభాష నేర్పుదురు. సీపీసీ అను ధ్రువపత్ర పరీక్షకు 100 ప్రశ్నలు, 4 గంటల వ్యవధి. సంకేతముల పుస్తకములను దగ్గర ఉంచుకొని వ్రాయవచ్చును. కంఠస్థము చేసినదానిని అప్పగించుట గాక, సరియైన పుట తెరచి నియమమును అన్వయించుట ఇచ్చట ముఖ్యము. పరీక్షలనగా వల్లెవేయుటయే అని తలచు మన విద్యార్థులకు ఇది మేలైన పద్ధతియే.

దోషము మరియొక చోట ఉన్నది. నియమమును నేర్పుదురు గాని, దాని వెనుకనున్న కారణమును చెప్పుట అరుదు. ఒక రోగి పత్రములో మధుమేహము, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని రెండు వేరువేరు పంక్తులలో వ్రాసియున్నదనుకొందము. రెంటికిని సంబంధము లేదని వైద్యుడు వ్రాయనంతవరకు, రెండవది మొదటిదానివలననే కలిగినదని భావించి ఇ 11.22 అను సంకేతము వేయవలెనని అమెరికా నియమము. అది రెండవ రకపు మధుమేహమునకు వర్తించును. మూత్రపిండ వ్యాధి ఏ దశలో ఉన్నదో తెలుపుటకు ఎన్ 18 వర్గము నుండి మరియొక సంకేతమును చేర్చవలెను. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా ఉన్నచో మూత్రపిండములలో రక్తమును వడగట్టు సన్నని నాళములు చెడును. ఈ సంగతి ఎరిగినవానికి నియమము దానంతట అదే గుర్తుండును. ఎరుగనివానికి అది కేవలము ఒక ఆజ్ఞ.

రెండవ ఉదాహరణ ఇంకను ముఖ్యమైనది. వైద్యుడు "బహుశా న్యుమోనియా" అని వ్రాసెను. రోగి ఆసుపత్రిలో చేరియుండి, విడుదలనాటికి కూడ అట్లే వ్రాసియున్నచో న్యుమోనియా ఉన్నట్లే సంకేతము వేయుదురు. బయటి రోగిగా వచ్చి పోయినచో న్యుమోనియా అని వేయరాదు. దగ్గు, జ్వరము వంటి లక్షణములకే సంకేతము. ఒకే మాట ఒక చోట వ్యాధిగాను, మరియొక చోట లక్షణముగాను లెక్కకు వచ్చుచున్నది. ఈ సంకేతములను కూడి ఎందరికి న్యుమోనియా వచ్చెనో చెప్పదలచినవారికి ఈ భేదము తెలియకున్న లెక్క తప్పును. బిల్లుకు సరిపోయిన సంకేతము గణనకు సరిపోవునా అను ప్రశ్న శిక్షణలో రావలెను. అది వచ్చుట లేదు.

ఇట్లు కోరుట అత్యాశ కాదు. అమెరికాలో ఆర్‌హెచ్‌ఐటి అను పరీక్షకు కూర్చుండుటకు సాధారణముగా గుర్తింపు పొందిన రెండేండ్ల కళాశాల చదువు ఉండవలెను. అందు సంకేతములతోబాటు ఆరోగ్య గణాంకములు, రోగి రహస్యములను కాపాడు చట్టములు కూడ పాఠ్యాంశములే. నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొను ప్రశ్నలో సరియైన జవాబు ఎదుటనే ఉండును. నిజమైన రోగపత్రములో అట్లుండదు. వైద్యుల వ్రాతలు పరస్పరము విరుద్ధమైనపుడు ఊహించి వ్రాయక వైద్యునినే అడుగవలెను. ఎప్పుడు అడుగవలెనో తెలియుటయే ఈ విద్యకు పరాకాష్ఠ. సంకేతములను సూచించు కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పటికే వాడుకలో ఉన్నవి. పుటలు వెదకుట మాత్రమే నేర్చినవాని ఉద్యోగమునకు అవి పోటీ. వివేచన నేర్చినవానికి అవి పనిముట్లు.

ఈ సంకేతములు పుట్టినది బిల్లుల కొరకు కాదు. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోఁ మరణకారణముల వర్గీకరణమును షికాగోలో సమర్పించెను. నేటి అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణమునకు మూలమదియే. 1948లో ఆరవ సవరణతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తన బాధ్యతగా స్వీకరించెను. ప్రజలు ఏ వ్యాధులతో మరణించుచున్నారో లెక్కించుటయే దాని మొదటి ఉద్దేశము.

మన దేశములో 1969 నాటి జనన మరణముల నమోదు చట్టములో మరణకారణమును వైద్యులు ధ్రువీకరించు ఏర్పాటు కలదు. అయినను 2020లో నమోదైన మరణములలో అట్లు ధ్రువీకరింపబడినవి నూటికి 22.5 మాత్రమే. ధ్రువీకరించిన పత్రములలో సైతము "గుండె ఆగినది" అని మాత్రమే వ్రాసినచో దానివలన తెలియునది లేదు. మరణించిన ప్రతివాని గుండెయు ఆగును! ఆ గుండె ఏ వ్యాధివలన, ఏ గాయమువలన ఆగెనో తెలియవలెను.

సముద్రముల ఆవలి రోగుల పత్రములను ఇంత నేర్పుతో చదువగల మన యువజనులకు, మన జిల్లాలలోని మరణపత్రమును చదివి విమర్శించుట కూడ ఒక పాఠముగా నేర్పవలదా? అందుకు కొత్త పుస్తకములు అక్కరలేదు. ఉన్న సంకేతములను గణాంకశాస్త్రముతోను, శరీరధర్మశాస్త్రముతోను జోడించి చెప్పు ఉపాధ్యాయులు కావలెను. ఈ వృత్తిని కోరు విద్యార్థి శిక్షణాలయములో చేరుటకు ముందు, ఎన్ని నెలలలో ఉద్యోగము వచ్చునని మాత్రమే గాక, నియమమునకు కారణము చెప్పుదురా అని కూడ అడుగుట మంచిది.