వెఱగు, నివ్వెఱ: అర్థవిచారము

తెలుఁగున ఆశ్చర్యార్థకములు పెక్కు గలవు. వానిలో అచ్చెరువు ఆశ్చర్యశబ్దమునకును, అబ్బురము అద్భుతశబ్దమునకును వికృతులు, వెఱగు దేశ్యము. నిఘంటువులు సామాన్యముగా ఈ మూఁటిని పర్యాయములుగానే చూపును. టీకలును, తరగతి పాఠములును ఆ మార్గముననే నడచుచున్నవి. ఇవి నిజముగా పర్యాయములగునా యనునది విచార్యము.

వెఱగునందలి వెఱ శబ్దమే వెఱచు, వెఱపు అను పదములలో భయార్థమున నున్నది. కన్నడమున బెఱగు ఆశ్చర్యవాచకము. తమిళమున వెరువు భయార్థక ధాతువు. ఒక్క మూలమున భయవిస్మయములు రెండును ఇమిడియున్నవని దీనివలన తోఁచును.

భరతుఁడు విస్మయమును అద్భుతమునకును, భయమును భయానకమునకును స్థాయిగా విభజించెను. వీరమునుండి అద్భుతమును, బీభత్సమునుండి భయానకమును పుట్టునని చెప్పెను. అయినను స్తంభమను సాత్త్వికభావమునకు హేతువులు చెప్పుచు భయమును విస్మయమును రెండింటిని గ్రహించెను. స్థాయియందు వేఱైనవి శరీరవికారమున నేకమైనవి. తెలుఁగు వెఱగు ఈ కలయికకు పేరు. భగవద్గీత పదునొకండవ యధ్యాయమున అర్జునుఁడు విశ్వరూపముఁ గాంచి తొలుత విస్మయమున గగుర్పొడుచును. పిదప భయముఁ జెప్పి పూర్వరూపమును వేఁడును. అచట రెండు మాటలు వలసినవి. ఆ స్థితికి వెఱగు ఒక్కటియే చాలును.

వ్యుత్పత్తి యర్థమును శాసింపదని యాక్షేపింపవచ్చును. నిజమే, ప్రయోగమే ప్రమాణము. కావ్యములందు భయస్పర్శలేని వెఱగును కలదు. యతిప్రాసల నిర్బంధమున వచ్చినదియుఁ గలదు. కాని నివ్వెఱను పరీక్షింపుఁడు. ఆప్తుని మరణవార్త విని జనులు నివ్వెఱపోయిరనుట సహజము, అబ్బురపడిరనుట అసంగతము. బాలుని గానమునకు అబ్బురపడిరనుట ఒప్పును. నివ్వెఱపోయిరన్నచో ఆ గానము శ్రోతల నిశ్చేష్టులఁ జేసినదని యర్థము హెచ్చును. అబ్బురము మెప్పునకు దగ్గఱ. నివ్వెఱ మెప్పునకును దుఃఖమునకును పూర్వమందలి క్షణము. దానికి పోవు ధాతువు అనుప్రయుక్తమగుటయు ఇందులకు తగియున్నది: తాను తనలో లేకపోవుటయే యందలి భావము. మ్రాన్పడుట యను పలుకుబడియు నీ స్తంభమునే చెప్పును.

కావున వెఱగు, నివ్వెఱ కనఁబడినచోటనెల్ల ఆశ్చర్యమని వ్రాసి విడుచుట చాలదు. అచట పాత్ర మెచ్చుచున్నదా, బెదరుచున్నదా, రెండింటి నడుమ నిలిచిపోయినదా యని సందర్భమును బట్టి నిర్ణయింపవలెను. పర్యాయమిచ్చుటతో వ్యాఖ్య ముగియదు. కవి తక్కిన పర్యాయములను విడిచి దీనినేల గ్రహించెనో చెప్పినపుడే అది వ్యాఖ్య యగును.