రెండవసారి వచ్చే గూఢచారి

1966లో మల్లికార్జునరావు దర్శకత్వంలో వెలువడిన 'గూఢచారి 116' కృష్ణను సాహసనాయకుడిగా నిలబెట్టింది. 1989లో ఆయన నటించిన 'గూఢచారి 117' వచ్చింది. సంఖ్య ఒకటి పెరిగింది. సంఖ్య పెరిగినంత మాత్రాన వినోదం పెరుగుతుందా?

కొనసాగింపు చిత్రానికి మూలధనం మొదటి చిత్రం మిగిల్చిన పరిచయమే. 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' ఆ పరిచయాన్నే పణంగా పెట్టింది. ఆరంభంలోనే జేమ్స్ బాండ్ హతుడవుతాడు. ముఖం మీది తొడుగు తీయగా వేరొకడు కనిపిస్తాడు. శత్రువులు డాక్టర్ నో మరణానికి ప్రతీకారం కోరుతున్నారు. అంటే మొదటి చిత్రంలోని విజయమే రెండవ చిత్రంలోని ప్రమాదానికి హేతువయింది.

కలకత్తా వాసి ఫెలూదా గూఢచారి కాడు, అపరాధ పరిశోధకుడు. అయినా సూత్రం అదే. సత్యజిత్ రాయ్ 1974లో 'సోనార్ కెల్లా' తీసి, 1979లో 'జయ్ బాబా ఫేలూనాథ్'తో ఆ కథాపాత్రలను మళ్ళీ తెరకెక్కించారు. ఈ రెండవ చిత్రంలో కత్తులు విసిరేవాని ఎదుట నిలబడేది ఫెలూదా కాదు. మొదటి చిత్రంలో మనలను నవ్వించిన అమాయక రచయిత జటాయు. ఆయనను ముందే ఎరిగిన ప్రేక్షకునికి ప్రతి కత్తీ తనవైపే వచ్చినట్లుంటుంది.

పేలుళ్ళను, వాహనాల వేటను ధనంతో సమకూర్చుకోవచ్చు. ఆత్మీయుని కోల్పోతామన్న భయాన్ని మాత్రం మొదటి చిత్రమే సంపాదించి పెట్టాలి. తిరిగివచ్చే గూఢచారి కొత్త ఆయుధంతో పాటు పాత ఋణాన్ని కూడా వెంట తెచ్చుకోవాలి.