వేలికి తగిన గడి

బ్రెయిలీ పలక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఒక చెక్క, దాని తలమీద కాగితాన్ని అదిమి పట్టే క్లిప్పు, చెక్కకు రెండు పక్కలా వరసగా కన్నాలు, ఆ కన్నాల్లో కూర్చునే ఒక లోహపు పట్టీ. పనితనమంతా ఈ పట్టీలో ఉంది. అది ఒకదానిమీద ఒకటి మూసుకునే రెండు రేకులు. ఒక చివర బందు వేసి కలిపి ఉంటాయి. పై రేకులో బారులుగా చిన్న చిన్న కిటికీలు. కింది రేకులో ఒక్కో కిటికీకి సరిగ్గా అడుగున ఆరేసి గుంటలు, రెండు నిలువు వరసలుగా, వరసకు మూడు చొప్పున. మధ్యలో మందపాటి కాగితం పెట్టి రేకులు మూసి, స్టైలస్‌తో పొడుస్తారు. స్టైలస్ అంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి పిడి, దానికి ఒక పొట్టి ఉక్కు చువ్వ. మొన మరీ వాడిగా ఉంటే కాగితం చిరుగుతుంది, మరీ మొద్దయితే చుక్క లేవదు. చుక్కకు ఆకారం ఇచ్చేది మొన ఒక్కటే కాదు, అడుగున కాచుకుని ఉన్న గుంట కూడా. మంచి పలకల్లో కిటికీ అంచులకు చిన్న నొక్కులు తీర్చి ఉంటాయి. మొన వాటివెంట జారి తన చోటు తనే వెతుక్కుంటుంది. చూపు అక్కర్లేదు.

పొడిచిన చుక్క కాగితానికి అవతలి వైపు లేస్తుంది. చదవాలంటే కాగితం తిప్పాలి. తిప్పితే ఎడమ కుడి అవుతుంది. అందుకని రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి, ఒక్కో గడిలోని చుక్కల్ని కూడా కుడిఎడమలు మార్చి పొడవాలి. గడిలో చుక్కలకు నంబర్లున్నాయి. చదివే వైపు నుంచి చూస్తే ఎడమ వరసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరసలో 4, 5, 6. రాసే వైపు 1, 2, 3 కుడివైపున ఉంటాయి.

ఇదంతా చదువుకుని వెళ్ళి కూడా నేను తప్పే చేశాను. ఒక అంధుల పాఠశాలలో మాస్టారి పక్కన కూర్చున్నాను. ఆయనకూ చూపు లేదు. పలక నా ముందు పెట్టి, "అమ్మ అని రాయండి చూద్దాం" అన్నారు. అకారానికి 1వ చుక్క ఒక్కటే. తర్వాత మకారపొల్లు, ఆ తర్వాత మ. మకారం 1, 3, 4 చుక్కలు. పొల్లుకు 4వ చుక్క, అది హల్లుకు ముందు ఒక గడిలో పడుతుంది. మొత్తం నాలుగు గడులు. కుదురుగా ఎడమ నుంచి కుడికి పొడిచి ఇచ్చాను. ఆయన కాగితం తిప్పి వేలు ఆనించారు. పెదవులు కదిలాయి. ఒక్కసారిగా నవ్వేశారు.

"ఇదేంటండీ, అమ్మ అని రాయమంటే శశ అని రాశారు! చివర్న సున్నా పెట్టుంటే కుందేలయ్యేది."

తర్వాత లెక్క చూసుకుంటే ఆయన మాట అక్షరాలా నిజం. 1, 3, 4 చుక్కల మకారాన్ని అద్దంలో చూస్తే 1, 4, 6 అవుతుంది. అది శకారం. నా రెండు మ-లు రెండు శ-లై ముందుకొచ్చాయి. నా పొల్లు 1వ చుక్కై అకారంగా, నా అకారం 4వ చుక్కై పొల్లుగా తోకలో మిగిలాయి. తప్పు కూడా ఇంత క్రమంగా మరో అక్షరమై కూర్చునే లిపిని ఎవరు, ఎలా కట్టారో చూడాలనిపించింది.

కట్టినవాడు ఒక బడిపంతులు. లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న పారిస్‌కు తూర్పున కూవ్రే అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీనులు, తోలు సామాను కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. ఆ చీము రెండో కంటికీ పాకింది. ఆ పనిముట్టుకూ ఈ స్టైలస్‌కూ పోలిక తెచ్చి చెప్పే కథ అందరికీ తెలిసిందే. నాకు మాత్రం అంతకంటే ముఖ్యమనిపించేది 1819లో, పదేళ్ళ వయసులో, పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరినప్పుడు అతని వేలికి తగిలిన పుస్తకాలు.

ఆ బడి పెట్టిన వాలంటీన్ ఆయీ చూపున్నవాడు. మామూలు రోమన్ అక్షరాలనే పెద్ద అచ్చులుగా పోతపోసి, తడి కాగితాన్ని వాటిమీద అదిమి, ఉబ్బెత్తుగా తేల్చేవాడు. గుడ్డివాళ్ళకు చదువు చెప్పవచ్చని లోకానికి చూపిన మహానుభావుడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ అక్షరం కంటి కోసం పుట్టింది. వేలు దాని గీతల వెంట చుట్టూ తిరిగి ఇది ఏ అక్షరమో ఊహించుకోవాలి. ఒక్కో అక్షరం ఎంతో చోటు తినేది, పుస్తకం మోయలేనంత బరువయ్యేది. అంతకన్నా పెద్ద లోటు, ఆ పద్ధతిలో పిల్లవాడు చదవగలడు గానీ తన చేత్తో రాయలేడు. రాయలేని చదువు సగం చదువేనన్న సంగతి దాన్ని అనుభవించిన విద్యార్థికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ ఫిరంగిదళ అధికారి తన చుక్కల పద్ధతిని ఆ బడికి తెచ్చాడు. ఫ్రెంచి ధ్వనుల్ని ఆరు అడ్డువరసలు, ఆరు నిలువువరసల పట్టికలో అమర్చాడు. ఎడమ పక్క ఎన్ని చుక్కలుంటే అన్నో అడ్డువరస, కుడి పక్క ఎన్నుంటే అన్నో నిలువువరస. తెలివైన ఏర్పాటే. పలక, మొన కూడా ఆయన ఆలోచనలో ఉన్నవే. చిక్కు ఎక్కడంటే, గడి ఎత్తు ఆరు చుక్కలు. వేలికొన కిందికి ఒకేసారి రాదు. వేలు పైకీ కిందికీ పాకాలి, చుక్కలు లెక్కపెట్టాలి. పైగా వర్ణక్రమం లేదు, అంకెలు లేవు, విరామచిహ్నాలు లేవు.

బ్రెయిలీ చేసిన మొదటి పని గడిని అడ్డంగా సగానికి కోయడం. ఆరు చుక్కల ఎత్తు మూడైంది. మాటలో ఇంతే. ఫలితం మాత్రం వేలికొన కింద తెలుస్తుంది. ఇవాళ్టి కొలతల్లో చెప్పాలంటే చుక్కకూ చుక్కకూ మధ్య సుమారు 2.5 మిల్లీమీటర్లు, చుక్క ఎత్తు దాదాపు అర మిల్లీమీటరు. చుక్కలు ఇంకా దగ్గరైతే రెండూ ఒకటిగా తోస్తాయి, ఇంకా దూరమైతే గడి వేలు దాటిపోతుంది. ఈ కొలతలో గడి మొత్తం ఒక్క స్పర్శకు అందుతుంది. లెక్కపెట్టడం పోయి ఆకారం వచ్చింది. వేలు పక్కకు జరిగితే చాలు.

ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. వాటిని పంచిన తీరులో పంతులు కనిపిస్తాడు. ముందు పైన ఉన్న నాలుగు చుక్కలే తీసుకున్నాడు, అంటే 1, 2, 4, 5. వీటితో 15 గుర్తులు కుదురుతాయి. వాడుకున్నది పదే. ఏ ఐదు వదిలాడో కాగితం మీద వేసుకుని చూస్తే ముచ్చటేస్తుంది. 2, 4, 5 చుక్కల్లో ఏది ఒంటరిగా ఉన్నా వేలికి అది 1 ఒంటరిగా ఉన్నట్టే. 4-5 జంట 1-2 జంట లాంటిదే, 2-5 జంట 1-4 లాంటిదే. పక్కన ఆనవాలు లేకపోతే వేలు చోటు పోల్చుకోలేదు, ఆకారాన్నే పోల్చుకుంటుంది. చోటు మారి ఆకారం మారని ఐదింటినీ పక్కనబెడితే మిగిలేవి సరిగ్గా పది. అవే రోమన్ వర్ణమాలలో మొదటి పది అక్షరాలు.

ఆ పదికీ 3వ చుక్క చేరిస్తే రెండో పది. 3, 6 రెండూ చేరిస్తే మూడో పది. 6 ఒక్కటే చేరిస్తే నాలుగో పది. ఇరవయ్యారు గుర్తులూ, వాటిమీద ఫ్రెంచి స్వరచిహ్నాలూ విడివిడిగా బట్టీపట్టక్కర్లేదు. పది నేర్చుకుని, అడుగున ఏముందో చూసుకుంటే చాలు. పదిహేనేళ్ళకే, 1824లో, ఈ చట్రం అతని చేతిలో ఒక రూపానికి వచ్చింది. 1829లో పుస్తకమై అచ్చయింది. అందులో చుక్కలతో పాటు చిన్న అడ్డగీతలు కూడా ఉండేవి. 1837 నాటి రెండో కూర్పులో అవి మాయమయ్యాయి. తన వస్తువును తనే వాడి, అక్కర్లేనిది తీసేయడం పనివాడి లక్షణం.

1833 నుంచి అతను అదే బడిలో పూర్తిస్థాయి ఉపాధ్యాయుడు. పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించేవాడు. అందుకే సంగీతాన్నీ ఇదే గడిలో పెట్టాడు. మొదటి పదిలో నాలుగో గుర్తు నుంచి పదో గుర్తు దాకా ఏడు. డో నుంచి సీ దాకా స్వరాలూ ఏడే. పై నాలుగు చుక్కలూ ఏ స్వరమో చెబుతాయి. కింది రెండు చుక్కలూ ఎంతసేపో చెబుతాయి. 6 చేరితే ఒక నిడివి, 3 చేరితే దానికి రెట్టింపు, రెండూ చేరితే మళ్ళీ రెట్టింపు, ఏదీ లేకపోతే మొదటిదాంట్లో సగం. స్వరమూ కాలమూ ఒకే స్పర్శలో.

ఇంకో పని గురించి తక్కువమందికి తెలుసు. చుక్కల్లో రాసిన ఉత్తరాన్ని ఇంటి దగ్గర అమ్మ చదవలేదు కదా. ఆ ఇబ్బంది తీర్చడానికి 1839లో, చూపున్నవాళ్ళు చదివే అక్షరాల ఆకారాల్నే చుక్కలతో కుట్టినట్టు రాసే పద్ధతి ఒకటి ప్రకటించాడు. దానికి ఫూకో అనే అంధ మిత్రుడు యంత్రం కూడా చేసిపెట్టాడు.

ఇంతా చేస్తే, 1840లో వచ్చిన కొత్త డైరెక్టరు ఈ చుక్కల్ని తరగతుల్లోంచి వెళ్ళగొట్టాడు. చూపున్న గురువులకు అర్థం కాని లిపి వద్దన్నాడు. పిల్లలు చాటుగా రాసుకుంటూనే ఉన్నారు. చివరికి బడి దిగిరాక తప్పలేదు. ఫ్రాన్సు అధికారికంగా ఒప్పుకుంది 1854లో. అప్పటికి బ్రెయిలీ క్షయతో పోయి రెండేళ్ళు.

మన దగ్గర ఈ లిపి ముందు చిందరవందరగా వచ్చింది. ఒక్కో ప్రాంతం ఒక్కో సంకేతమాల కట్టుకుంది. 1951లో భారతీ బ్రెయిలీ అని ఒక్కటి కుదిరింది. ఏ భాషైనా ఒకే ధ్వనికి ఒకే గుర్తు, వీలైనచోట రోమన్ గుర్తుతో పొంతన. తెలుగు ఇందులో ఒదిగిన తీరు చూడాలి. మన లిపిలో గుడి పైన వేలాడుతుంది, కొమ్ము పక్కకు పోతుంది, వత్తు కిందికి దిగుతుంది. వేలికి పైనా కిందా లేవు, ముందూ వెనకే ఉన్నాయి. కాబట్టి అన్నీ ఒక బారులోకి వచ్చాయి. గుడికి వేరే గుర్తు లేదు. హల్లు తర్వాత ఇకారం వస్తే అదే గుడి. వత్తుకూ వేరే ఆకారం లేదు. ముందున్న హల్లుకు పొల్లు పెట్టి రెండో హల్లును మామూలుగా రాయడమే. "స్త్రీ" తీసుకోండి. అచ్చులో ఒకదానికొకటి వేలాడే మూడు హల్లుల గుత్తి. బ్రెయిలీలో పొల్లు, స, పొల్లు, త, ర, ఈ, వరసగా ఆరు గడులు. మనం నోటితో పలికే వరస కూడా అదే. చోటు ఎక్కువ తింటుంది, పుస్తకాలు లావవుతాయి, నిజమే. కానీ నా మటుకు నాకు సంయుక్తాక్షరం లోపలి కట్టు ఇంత తేటగా ఏ వ్యాకరణ పుస్తకంలోనూ కనబడలేదు.

ఇప్పుడు ఫోన్లు చదివి వినిపిస్తున్నాయి కదా, ఇంకా ఈ చుక్కలెందుకని మాస్టారిని అడిగాను. ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "విన్నంత మాత్రాన కళకు ఏ ళ రాయాలో తెలుస్తుందాండీ?"

తర్వాత నా కాగితం చేతిలోకి తీసుకుని, నా కుందేలు చుక్కల్ని ఒక్కొక్కటే గోటితో చదును చేశారు. వాటిమీద వేలు రాసి చూశాను. అణిగాయి గానీ ఆనవాలు పోలేదు. ఆయన కొత్త కాగితం పెట్టి, రేకులు మూసి, నా చేయి పట్టుకుని స్టైలస్‌ను కుడి చివరి కిటికీలో ఆనించారు.

"ఇక్కణ్ణుంచండీ."