మాంచాల గడపలో ఆగిన యుద్ధం

పల్నాటి యుద్ధం అనగానే కోడిపందెం గుర్తొస్తుంది. తర్వాత నాగమ్మ, బ్రహ్మనాయుడు, కులాలు కలిసి తిన్న చాపకూడు. సినిమావాళ్లూ ఆ వరసనే పట్టుకున్నారు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మ కన్నాంబ, బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు. 1966లో గుత్తా రామినీడు మళ్లీ తీసినప్పుడు ఆ పాత్రలు భానుమతికి, ఎన్టీఆర్‌కు వెళ్లాయి. పెద్ద తారలకు పెద్ద పాత్రలు ఇవ్వడాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ వీరుల కథను పాడే వీరవిద్యావంతుల పాట విన్నవారికి ఈ యుద్ధం ఇంకోలా కనిపిస్తుంది. అందులో ఎక్కువసేపు మోగేది రాజుల పంతం కాదు, పేరిందేవి, మాంచాల అనే ఇద్దరు పడుచుల సంసారం.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవాలు మొదలై ఐదు రోజులు సాగుతాయి. చుట్టూ చేలల్లో పత్తి తీతలు ముమ్మరంగా ఉండే రోజులవి. మిరప ఇంకా పూతా పిందె మీద ఉంటుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. ఈ వరసను ఒకసారి జాగ్రత్తగా చూడండి. కథలో కోడిపందెం ముందు, దాని వల్ల బ్రహ్మనాయుడి పక్షమైన మాచర్ల వాళ్లకు వనవాసం, అది ముగిశాక రాయబారం. ఉత్సవంలో మాత్రం రాయబారం రెండో రోజే వచ్చేస్తుంది, కోడిపోరు నాలుగో రోజుకు గానీ రాదు. ఎవరు చస్తారో ఊరందరికీ తెలుసు కనుక తర్వాతేం జరుగుతుందన్న ఉత్కంఠతో ఇక్కడ పనిలేదు. చావు కబురు ముందే విని, ఆ చావుకు కారణమైన ఆటను ఆ తర్వాత చూస్తారు. అప్పుడు కోడిపందెం వినోదంగా ఎలా ఉంటుంది?

రాయబారం నాటి కథ అలరాచమల్లుది. అవతలి పక్షమైన గురజాల రాజు నలగాముడికి స్వయానా అల్లుడు. మాచర్ల పక్షాన సంధి మాట్లాడటానికి మామగారి దగ్గరికే వెళ్లాడు. చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. అతని భార్య పేరిందేవి నలగాముడి కూతురు. మొగుణ్ని చంపింది పుట్టింటివాళ్లు. ఆమె ఏ గడప తొక్కి ఏడవాలి? కథలో ఆమె భర్తతో పాటే చితి ఎక్కుతుంది. సహగమనాన్ని ఈనాడు మెచ్చుకోలేం, మెచ్చుకోకూడదు కూడా. అయితే ఆమెకు వెళ్లడానికి ఇల్లే మిగల్చని పెద్దల పంతాన్ని కథకుడు దాచిపెట్టడు. యుద్ధం మొదటి దెబ్బ ఎవరి మీద పడిందో అక్కడే తెలిసిపోతుంది.

ఈ గానంలో పనితనమంతా ఆపడంలో ఉంది. కథకుడి చేతిలో కత్తి. పక్కన పంబజోడు, శ్రుతికి తిత్తి. ఒక చరణం పాడి వదిలితే వంతవాళ్లు అందుకుంటారు. వాళ్లు తిప్పి పాడేలోపు కథకుడికి ఊపిరి దొరుకుతుంది, వినేవాడికి ఆ మాట రెండోసారి తగులుతుంది. నడుమ నడుమ పాట ఆగి వచనం వస్తుంది. ప్రయాణమో, పేర్ల జాబితానో అయితే వచనంలో చకచకా దాటేస్తారు. మనసు నలిగే చోట పాటలోకి దిగుతారు. శ్రీనాథుడిదిగా చెప్పే ‘పల్నాటి వీరచరిత్ర’కూ ఈ సదుపాయం ఉంది. అది మంజరీ ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటే చాలు, ప్రాస బెడద లేదు. మాట ఎంత దూరమైనా సాగుతుంది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చువేయించారు. మనకు దక్కిన భాగం ముఖ్యంగా బాలచంద్రుడి కథే.

బ్రహ్మనాయుడి కొడుకైన ఆ బాలచంద్రుడు మాంచాలను పెళ్లాడి కూడా ఆమె ముఖం చూడలేదు. శ్యామాంగి అనే వేశ్య మోజులో పడి ఇల్లు మరిచాడు. బొంగరాలాటలో ఒక పడుచు కాలికి బొంగరం తగిలి, ఆమె నోట దెప్పిపొడుపు విన్నాకే కారంపూడిలో యుద్ధం నడుస్తోందని అతనికి తెలిసింది. తల్లి ఐతమ్మకు కొడుకును పంపడం ఇష్టం లేదు. భార్య కంట పడితే కత్తి మరిచిపోతాడన్న ఆశతో, వెళ్లేముందు మాంచాలకు చెప్పి రమ్మంది. ఇన్నేళ్లకు మొగుడు గడప తొక్కాడు. అదీ చావబోయే ముందు.

ఇక్కడ తొందరపడే కథకుడు కథకుడే కాదు. ఆమె సింగారం, ఆమె ఆశ, అతను ఎందుకొచ్చాడో తెలిసిన క్షణం, ఒక్కొక్కటీ విడివిడిగా పాడాలి. అడ్డుపెడుతుందని అత్త అనుకున్న పిల్లే అతన్ని యుద్ధానికి సాగనంపుతుంది. దీన్ని వీరపత్ని ఆదర్శంగా పాఠాలు చెప్పేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఇన్నాళ్లూ తనది కాని మనిషిని ఆ ఒక్కసారి తనవాణ్ని చేసుకోవడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే. ఆపితే అతను మళ్లీ పిరికివాడు, మళ్లీ పరాయివాడు.

ముందే తెలిసిన చావు సినిమాలోనూ ఉంది. సోవియట్ దర్శకుడు కలతోజోవ్ 1957లో తీసిన ‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ మరుసటి ఏడు కాన్‌లో పామ్ డోర్ గెలిచింది. అందులో వెరోనికా ప్రియుడు యుద్ధంలో చనిపోయాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఆమెకు తెలియదు, నమ్మదు, ఎదురుచూస్తుంది. ఏడుపంతా ఆ ఎదురుచూపు లోంచి పుడుతుంది. మాంచాలకు ఆ పాటి ఊరట కూడా లేదు. ఆమెకు అంతా ముందే తెలుసు.

1947 సినిమా మొదలుపెట్టింది గూడవల్లి రామబ్రహ్మం. ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ తీసిన మనిషికి మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్న బ్రహ్మనాయుడి కథ నచ్చడంలో వింత లేదు. సినిమా పూర్తికాకుండానే 1946లో ఆయన కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ ముగించారు. అక్కినేని బాలచంద్రుడు, ఎస్. వరలక్ష్మి మాంచాల. పాడగలిగిన నటి చేతికి ఆ పాత్ర ఇవ్వడం నా దృష్టిలో ఆ చిత్రంలోని తెలివైన పని. మాంచాలను పాట లేకుండా చెప్పలేం. అయినా గంటల లెక్కకు కట్టుబడ్డ సినిమా ఐదు రోజుల పాటలా తీరిగ్గా ఆగలేదు. దాని పరిమితి దానిది.

పాటకూ పరిమితి ఉంది, పాడేవారి ఆయుష్షు. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషు అనువాదంతో 1982లో పుస్తకంగా తెచ్చాడు. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథల మీద పరిశోధన చేశారు. ఆ పనికి కొనసాగింపు కావాలి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది, అందరూ తీసేది మాత్రం కత్తుల ఊరేగింపు, కళ్లిపాడు నాడు వీరాచారులు ఒరిగే దృశ్యం. ఈసారి కారంపూడి వెళ్లేవారికి ఒక విన్నపం. రాయబారం నాటికే చేరండి, పాడేవాళ్ల దగ్గర కూర్చోండి, వాళ్ల అనుమతి అడిగి మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి. వచ్చేముందు వాళ్లకు సంభావన ఇవ్వడం మరవకండి.