అనుమానితుల భాష

2020లో ప్రభుత్వం మనతో మాట్లాడిన మాటలన్నిటినీ ఒక పుస్తకంగా చదివితే ఎలా ఉంటుంది? రోజువారీ బులెటిన్, ఫోన్ కలపగానే దగ్గుతో మొదలయ్యే సందేశం, మా శృంగవరపుకోట వీధుల్లో ఆటోకి మైకు కట్టి చేసిన హెచ్చరికలు. ఇదంతా తెలుగు వచనమే. ఆ ఏడాది జనం బతుకుల్లోకి ఇంతగా చొరబడిన రచన మరొకటి లేదు. అయినా మన విమర్శ దీన్ని పట్టించుకోలేదు.

ముందు ఇందులోని మాటలు చూడండి. కేసు, అనుమానితుడు, కట్టడి, ఆరా, తరలింపు. పత్రికల శీర్షికల్లోనైతే ‘పరారీ’ కూడా. ఇవి ఆసుపత్రి మాటలు కావు, పోలీస్ స్టేషన్ మాటలు. ఇంగ్లీషులో ‘సస్పెక్టెడ్ కేస్’ అన్నప్పుడు అనుమానం జబ్బు గురించి. తెలుగులోకి వచ్చేసరికి అది మనిషి మీదకి జారింది. పోరాటం రోగంతోనే గానీ రోగితో కాదని ఒకపక్క ఫోన్ చెబుతూనే ఉంది. మరోపక్క రోగిని ముద్దాయిని చేసే మాటలు నడుస్తూనే ఉన్నాయి.

ఇది అనువాదకుల తొందరపాటు మాత్రమే అనుకోను. ఆ మార్చిలో రాష్ట్రం కోవిడ్ నిబంధనలు జారీ చేసింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లదొరలు చేసిన చట్టం. తనిఖీ చెయ్యడానికి, వేరుపెట్టడానికి, శిక్షించడానికి అధికారమిస్తుంది. జబ్బు గురించి జనానికి విప్పి చెప్పాలన్న బాధ్యత మాత్రం పెట్టదు. చట్టం ఏ గొంతుతో మాట్లాడితే బులెటినూ ఆ గొంతుతోనే మాట్లాడింది.

ఇక ‘సామాజిక దూరం’. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మొదలుపెట్టింది. మన దగ్గర పాత మాటే చాలాకాలం నడిచింది. పేటల్ని ఊరికి అవతల నిలబెట్టిన సమాజానికి ఆ దూరం కొత్తగా నేర్పాలా? రేషన్ వరసలో ఎవరైనా అనే మాట ఒకటుంది: ‘ఎడంగా నిలబడండి’. అంత చక్కటి మాట చేతిలో ఉండగా సంస్కృతం అప్పు తెచ్చుకున్నాం.

ధైర్యం చెప్పిన తీరూ చూడాలి. మార్చి 15న స్థానిక ఎన్నికల వాయిదా మీద మాట్లాడుతూ అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి పారసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పారు. కొద్దిరోజుల ముందు తెలంగాణ అసెంబ్లీలో కేసీఆర్ కూడా పారసిటమాల్ చాలన్నట్టే మాట్లాడారు. భయం తగ్గించాలనుకోవడం తప్పు కాదు. కానీ పది రోజులు తిరక్కుండానే దేశమంతా లాక్‌డౌన్. నిన్న ‘ఏం కాదు’, ఇవాళ ‘గడప దాటొద్దు’. ఏది నమ్మాలి?

మా విజయనగరం జిల్లాలో మే మొదటివారం దాకా ఒక్క కేసూ నమోదు కాలేదు. జనానికి వివరంగా చెప్పుకోడానికి అన్ని వారాలు దొరికాయి. బులెటిన్‌లో మా వరసలో ఉన్న సున్నా మాత్రం ఘనత అయి కూచుంది. సున్నా ఘనత అయితే, దాన్ని పోగొట్టిన మొదటి మనిషి దోషి అవుతాడు. అలాంటప్పుడు జ్వరం వచ్చినవాడు పరీక్షకి వస్తాడా, దాక్కుంటాడా?

ఈ పుస్తకంలో మంచి వాక్యాలు లేవా అంటే, ఉన్నాయి. అవి ఎవరూ రాసినవి కావు. గుమ్మంలో నిలబడి ‘ఇంట్లో ఎవరికేనా జొరమేటమ్మా?’ అని ఆశా కార్యకర్త అడిగే ప్రశ్నలో అనుమానితుడు లేడు. దారపర్తి కొండల మీద రోగిని డోలీలో మోసుకు దిగాల్సిన ఊళ్లున్నాయి. అక్కడికి మైకు ఆటో ఎక్కదు, మనిషే ఎక్కాలి. ఆ మనిషి నోట వచ్చే భాష బులెటిన్ రాసేవాళ్ల బల్ల దాకా చేరలేదు.

వ్యాధి ప్రబలినప్పుడు జనంతో ఎలా మాట్లాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో మొదటి మాట నమ్మకం. ఇంకో జబ్బు రాకపోదు. అప్పటి బులెటిన్‌కి నాలుగు వాక్యాలు చాలు: మాకు తెలిసింది ఇది. ఇంకా తెలియనిది ఇది. రేపు ఈ వేళకి మళ్లీ చెబుతాం. ఈలోగా మీ ఊళ్లో ఫలానా మనిషిని అడగండి.