ఎర్ర చుక్క వెనుక అద్దం: తక్కువ ధరలో రెడ్ డాట్ సైట్ ఎంపిక

రెడ్ డాట్ సైట్ దూరాన్ని దగ్గర చేసి చూపించదు. తుపాకీ మీద బిగించిన చిన్న అద్దంలోంచి చూస్తే లక్ష్యం ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది, దాని మీద ఒక ఎర్ర చుక్క నిలుస్తుంది. మామూలు తుపాకీకి వెనుక ఒక గాడి, ముందు ఒక మొన ఉంటాయి. గురి చూసేవాడు గాడిని, మొనను, లక్ష్యాన్ని ఒకే వరసలోకి తేవాలి. ఈ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి కాబట్టి కన్ను వాటిలో ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. నలభై దాటి దగ్గరి చూపు మందగించినవారికి ముందు మొన మసకబారడం మొదలవుతుంది. రెడ్ డాట్ సైట్ ఈ చిక్కును తీసేస్తుంది. చుక్క కూడా లక్ష్యమంత దూరంలో ఉన్నట్టే కంటికి తోస్తుంది కాబట్టి చూపు లక్ష్యం మీదే నిలిపి, చుక్కను అక్కడికి తెస్తే చాలు.

దీని వెనుక ఉన్నది పదో తరగతి భౌతికశాస్త్రమే. పుటాకార దర్పణం నాభి దగ్గర దీపం పెడితే, దర్పణం మీద పడిన కాంతి సమాంతర కిరణాలుగా వెనక్కి వస్తుంది. సైట్‌లో ఆ దీపం ఒక చిన్న ఎల్‌ఈడీ. ముందున్న అద్దానికి ఎరుపును మాత్రమే వెనక్కి తిప్పి, మిగతా రంగులను దాటనిచ్చే పలుచని పూత ఉంటుంది. అందుకే ఈ అద్దంలోంచి చూసినప్పుడు లోకం కాస్త నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి కంటికి ఆ చుక్క ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. చుక్క వెలుగు ముందుకు, లక్ష్యం మీదికి పోదు. లేజర్‌కూ దీనికీ ఉన్న తేడా అదే.

ఈ ఆలోచనను మొదట తుపాకీకి అన్వయించినవాడు సర్ హోవర్డ్ గ్రబ్ (1844–1931), డబ్లిన్‌లో దూరదర్శినులు తయారుచేసిన వ్యక్తి. 1900లో ఆయన రిఫ్లెక్టర్ సైట్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లోనే గ్రబ్ కార్ఖానా దూరదర్శిని ఒకటి హైదరాబాదు చేరింది. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అన్న పేరు వచ్చింది. జఫర్ జంగ్ మరణం తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఆ తరువాత వేధశాల బేగంపేటకు మారింది. ఆ ఆవరణకు ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ అన్న పేరే చెల్లుతోంది. గ్రబ్ దూరదర్శిని అక్కడ 1922లో గానీ పనిలోకి రాలేదు. నక్షత్రాన్ని చూపే గాజుకూ, గురిని చూపే గాజుకూ ఒకే పనితనం కావాలి. వంపు సరిగ్గా కుదరాలి, కుదిరిన గాజు బిగించిన చోటి నుంచి కదలకూడదు. ఎంత తక్కువ ధర సైట్ కొన్నా మొదట చూడవలసినవి ఈ రెండే.

గ్రబ్ సైట్‌కు విద్యుత్ దీపం లేదు. బయటి వెలుతురుతోనే గుర్తు కనిపించేది. జర్మనీకి చెందిన ఓయిగీ సంస్థ 1918లో అలాంటి సైట్లను యుద్ధ విమానాల మీద పరీక్షించింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అవి దాదాపు యుద్ధ విమానాలన్నిటికీ చేరాయి. చేతి తుపాకీకి మాత్రం అవి బరువు, పైగా దీపానికి కరెంటు చాలేది కాదు. ఎల్‌ఈడీ వచ్చాకే దారి దొరికింది. స్వీడన్‌లో 1974లో పుట్టిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్‌ను వేటగాళ్ల కోసం అమ్మకానికి పెట్టింది. అమెరికా సైన్యం 1990ల చివర్లో అదే సంస్థ సైట్‌ను తన రైఫిళ్లకు తీసుకుంది.

కొనే ముందు అసలు దీని అవసరం ఉందా అన్నది తేల్చుకోవాలి. హైదరాబాదులో తుపాకీ క్రీడ అంటే ప్రధానంగా ఒలింపిక్ పద్ధతి షూటింగే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చిన ఈషా సింగ్ ఈ నగరం వాళ్లే. వాళ్లు ఆడే పోటీల్లో రెడ్ డాట్‌కు చోటు లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పిస్టల్‌కు గాడి, మొన మాత్రమే ఉండాలి. రైఫిల్‌కు వెనుక సన్నని రంధ్రం, ముందు వలయం ఉంటాయి. ఆ దారిన వెళ్లాలనుకునే పిల్లవాడికి రెడ్ డాట్ కొనిపెట్టడం డబ్బు వృథా, అలవాటుకు కూడా హాని. రెడ్ డాట్ పనికొచ్చేది వేగంగా గురి మార్చే ప్రాక్టికల్ షూటింగ్ పోటీలకు, వినోదానికి ఎయిర్ గన్ పేల్చేవారికి, చత్వారం వల్ల ముందు మొన కనిపించనివారికి. తుపాకీకి ఆయుధ చట్టం, 1959 కింద లైసెన్సు తప్పనిసరి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం లేదా 20 జౌళ్ల శక్తి దాటిన ఎయిర్ గన్‌కు కూడా 2016 ఆయుధ నిబంధనలు లైసెన్సు అడుగుతాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేటకు చోటు లేదు కాబట్టి, మన దగ్గర సైట్ ఎంపిక అంటే కాగితపు లక్ష్యం కోసం, ఇనుప రేకు లక్ష్యం కోసం చేసే ఎంపికే.

తర్వాతి ప్రశ్న చుక్క ఎంత పెద్దది అన్నది. దాన్ని ఎంఓఏ అనే కోణంలో చెబుతారు. డిగ్రీలో అరవయ్యో వంతు అది. 100 మీటర్ల దూరంలో 1 ఎంఓఏ 29 మిల్లీమీటర్లు, 25 మీటర్లలో 7.3, 10 మీటర్లలో 2.9. చవక సైట్లలో ఎక్కువగా దొరికేది 3 ఎంఓఏ చుక్క, 5 లేదా 6 కూడా ఉంటాయి. 10 మీటర్లలో 3 ఎంఓఏ చుక్క దాదాపు 9 మిల్లీమీటర్ల మేర కప్పేస్తుంది. ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు కాబట్టి అక్కడ ఈ చుక్క హాయిగా ఒదుగుతుంది. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అది పూర్తిగా మరుగున పడుతుంది. వేగం కావలసినవారికి పెద్ద చుక్క, మెల్లగా గురి చూసేవారికి 2 లేదా 3 ఎంఓఏ చుక్క సరిపోతాయి. వెలుగు పెంచితే చుక్క ఉబ్బి కనిపిస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. ఇంట్లో ముచ్చటగా కనిపించిన చుక్క ఏప్రిల్ ఎండలో తెల్ల గోడ మీద మాయమైపోవచ్చు. అందుకే సైట్‌ను కొట్టు దీపాల కింద కాక, మిట్టమధ్యాహ్నం ఆరుబయట పరీక్షించాలి. అక్కడ కూడా చుక్క కనిపించాలి, ఇంకా పెంచడానికి ఒక మెట్టయినా మిగలాలి.

చవక సైట్ల పెట్టెల మీద ‘పారలాక్స్ లేదు’ అని అచ్చు వేస్తారు. ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. కన్ను అద్దం మధ్య నుంచి పక్కకు జరిగినప్పుడు గురి ఎంత జరుగుతుందన్నదే పారలాక్స్. కిరణాలు నూటికి నూరుపాళ్లు సమాంతరంగా ఉన్న ఆదర్శ సైట్‌లో కూడా, కన్ను 8 మిల్లీమీటర్లు జరిగితే గురి 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. అది ఏ దూరంలోనైనా అంతే. కాబట్టి 100 మీటర్లలో లెక్కలోకి రాదు, 10 మీటర్లలో మాత్రం పాయింట్లు పోతాయి. చవక సైట్‌లో దీనికి మరో లోపం తోడవుతుంది. ఒంటి గోళాకార అద్దం అంచుల దగ్గర కిరణాలను సరిగా సమాంతరం చేయదు. మంచి సైట్లలో రెండు గాజుముక్కలను అతికించి ఈ లోపాన్ని సరిదిద్దుతారు. అంచు దగ్గర 2 ఎంఓఏ తప్పు ఉంటే 10 మీటర్లలో 6 మిల్లీమీటర్లే, 100 మీటర్లలో 58. అందుచేత దగ్గరి దూరాల్లో చవక అద్దంతో సర్దుకోవచ్చు, దూరం పెరిగేకొద్దీ గాజుకు డబ్బు పెట్టక తప్పదు. పరీక్ష తేలిక. ఖాళీ తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా నిలిపి, చుక్కను దూరపు గురుతు మీద పెట్టి, తలను మాత్రమే పైకి, కిందికి, పక్కలకు జరపాలి. చుక్క గురుతును వదిలి ఎంత దూరం పోయిందో కంటికే తెలుస్తుంది. ఏ సైట్‌తోనైనా చుక్కను అద్దం మధ్యలోనే ఉంచే అలవాటు చేసుకుంటే ఈ లోపంలో చాలా భాగం అడ్డు రాదు.

చవక సైట్లు ఎక్కువగా ఓడిపోయేది అద్దం దగ్గర కాదు, బిగింపు దగ్గర. తుపాకీ పేలిన ప్రతిసారీ ఎల్‌ఈడీని పట్టుకున్న చిన్న భాగం అదురుతుంది. అది వెంట్రుకంత కదిలినా గురి మారిపోతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన దేశంలో వినోదానికి ఎక్కువగా వాడే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ పెద్ద తుపాకీ కంటే సైట్లను ఎక్కువ పాడుచేస్తుంది. స్ప్రింగు వదలగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి తంతుంది. మరుక్షణం పిస్టన్ గాలి దిండుకు తగిలి ఆగుతుంది, తుపాకీ ముందుకు కుదుపుతుంది. నిప్పు తుపాకీల కోసం తయారైన సైట్లు వెనకదెబ్బను తట్టుకుంటాయి గానీ, ఈ ముందుదెబ్బకు సిద్ధపడి ఉండవు. స్ప్రింగ్ రైఫిల్ కోసమైతే దానికి తట్టుకుంటుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన సైట్‌నే కొనాలి. ముందే నింపిన గాలితో పేలే పీసీపీ రైఫిల్‌కు కుదుపు దాదాపు ఉండదు. దానికి సాదా సైట్ చాలు.

పట్టు కూడా సరిపోవాలి. ఎయిర్ గన్‌ల మీద 11 మిల్లీమీటర్ల సన్నని గాడి రెయిల్ ఉంటుంది. 1995లో అమెరికా సైనిక ప్రమాణంగా స్థిరపడిన పికాటినీ రెయిల్‌కు అడ్డగాడుల వెడల్పు 5.23 మిల్లీమీటర్లు. పాత వీవర్ రెయిల్‌కు 4.57. పికాటినీ పట్టు వీవర్‌లో దిగదు. అడాప్టర్ వేస్తే మరో రెండు మరలు, వాటితో పాటు మరో వదులు చేరతాయి. స్ప్రింగ్ రైఫిల్ మీద పట్టు వెనక్కి జారకుండా ఆపే పిన్ను తప్పక ఉండాలి.

బ్యాటరీ విషయంలో మాత్రం చవక సైట్లు ఈ దశాబ్దంలో బాగా ఎదిగాయి. 220 మిల్లీయాంపియర్ గంటల సీఆర్2032 నాణెపు బ్యాటరీతో 50,000 గంటలు వెలుగుతాయని కొన్నింటి మీద రాస్తారు. అంటే ఐదున్నరేళ్లకు పైగా, ఎల్‌ఈడీ దాదాపు నాలుగున్నర మైక్రోయాంపియర్లతో నడవాలి. తక్కువ మెట్టు వెలుగులో అది సాధ్యమే, ఎండలో పూర్తి వెలుగు పెడితే కాదు. కాసేపు కదలకపోతే ఆరిపోయి, తుపాకీ ఎత్తగానే వెలిగే సదుపాయం డబ్బుకు తగినదే. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోవాలని అర్థం. వానాకాలంలో ఏసీ గదిలోంచి తేమ గాలిలోకి రాగానే లోపల మంచు పట్టకుండా ఉండాలంటే నైట్రోజన్ నింపిన మూసిన గొట్టం మంచిది. పైన తెరిచి ఉండే సైట్లు తేలిక, కానీ ఎల్‌ఈడీ మీద ఒక చినుకు పడినా చుక్క చెదిరిపోతుంది. ఎండలో నిలిపిన కారులో ఏ సైట్‌నూ వదిలేయకూడదు. ఖరీదైనదానికి కూడా వేడి పరీక్షే. ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైట్లు వేడి, చలి మారినప్పుడు గురి తప్పుతున్నాయన్న ఆరోపణపై, అప్పటి దాని మాతృసంస్థ ఎల్-3 2015లో అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది.

చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, ద్రాక్షగుత్తిలా కనిపిస్తే సైట్‌ను తిట్టే ముందు కంటిని అనుమానించాలి. ఆస్టిగ్మాటిజం అనే దృష్టి లోపం ఉన్నవారికి ప్రతి రెడ్ డాట్ అలాగే కనిపిస్తుంది. సైట్‌ను చేతిలో మెల్లగా తిప్పి చూడాలి. చుక్క ఆకారం సైట్‌తో పాటు తిరిగితే లోపం సైట్‌ది, తిరగకపోతే కంటిది. సెల్‌ఫోన్ కెమెరాతో చుక్కను ఫొటో తీసినా తేడా తెలిసిపోతుంది. కంటిదైతే సరైన అద్దాలు పెట్టుకుని మళ్లీ చూడాలి.

ధరల విషయానికొస్తే, అమెరికా మార్కెట్లో ఎయిమ్‌పాయింట్ చిన్న సైట్లు ఏడెనిమిది వందల డాలర్ల స్థాయిలో ఉంటాయి. సిగ్ రోమియో-5, హోలోసన్ 403 వంటివి అందులో నాలుగో వంతుకు అటూ ఇటూ దొరుకుతాయి. ఎక్కువమందికి విలువ దక్కేది ఈ మధ్య మెట్టులోనే. దాని కిందిది ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకుల కోసం చేసే నకళ్ల లోకం. పెద్ద కంపెనీల పేర్లు చెక్కి ఉంటాయి గానీ, లోపల కుదుపుకు తట్టుకునేది ఏదీ ఉండదు. పేరున్న సంస్థ తన సొంత పేరుతో వారంటీ ఇచ్చే సాదా సైట్, పేరు దొంగిలించిన హంగుల సైట్ కంటే ఎప్పుడూ మేలు. పది రకాల గుర్తులు, ఆకుపచ్చ, ఎరుపు రెండు రంగులు, పక్కన లేజరు ఒకే చవక పెట్టెలో కనిపిస్తే, ఆ ఖర్చంతా గాజులోంచి, బిగింపులోంచే తీసి ఉంటారు.

కొన్న తర్వాత గురి సరిచేయాలి. పట్టు మరలు సమంగా బిగించి, 10 మీటర్ల దూరంలో ఐదు గుండ్లు పేల్చి, వాటి నడిమధ్య ఎక్కడ పడిందో కొలవాలి. సర్దుబాటు మర ఒక్కో టిక్కుకు గురి 1 ఎంఓఏ కదిలే సైట్ అయితే 10 మీటర్లలో ఒక టిక్కుకు 2.9 మిల్లీమీటర్లు. 15 మిల్లీమీటర్లు కిందికి పడుతుంటే ఐదు టిక్కులు పైకి. మళ్లీ ఐదు గుండ్లు. అసలు పరీక్ష ఆ తర్వాతే ఉంటుంది. పది టిక్కులు పైకి, పది కుడికి, పది కిందికి, పది ఎడమకు తిప్పి తిరిగి పేల్చాలి. గుండ్లు మొదటి చోటికే రావాలి. రాకపోతే, వారంటీ గడువులోనే సైట్‌ను వెనక్కి పంపాలి. వచ్చినా, యాభై గుండ్ల తర్వాత ఇంకోసారి చూడాలి. సైట్ గొట్టానికి పైన 45 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, 10 మీటర్లకు సరిచేసిన ఎయిర్ రైఫిల్ 5 మీటర్లలో దాదాపు రెండు సెంటీమీటర్లు కిందికి పెడుతుంది. అది సైట్ లోపం కాదు. ఏ దూరంలో ఎంత తేడా వస్తోందో ఒక కాగితం మీద రాసి, తుపాకీ పెట్టెలో అంటించుకోవాలి.