గాజును కోసే చేతులు

నీలమో ఎరుపో పల్చటి పొర కప్పిన గాజు గ్లాసు. తిరిగే చక్రానికి ఆనిస్తే రంగు లేచిపోయి, కింది తేటగాజు బయటపడుతుంది. ‘ఎడో కిరికో’ అనే ఈ జపాన్ గాజుకోత కళ పనితనమంతా ఆ కోతలోనే ఉంది. నేటి టోక్యో నగరమే అప్పటి ఎడో. అక్కడ 1834లో కాగయా క్యూబే అనే గాజు వర్తకుడు ఈ పనికి శ్రీకారం చుట్టాడంటారు. 1881లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఇమాన్యుయెల్ హాప్ట్‌మన్ కొత్త కోత పద్ధతులు నేర్పాడు. 2002లో జపాన్ ప్రభుత్వం దీన్ని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

పనివాడు గ్లాసు మీద నమూనా మొత్తం గీసుకోడు. చుక్కలు పెట్టి ముగ్గేసినట్టు, కొలత గీతలే ఆసరాగా చెయ్యి నడిపిస్తాడు. చక్రం గ్లాసు కింద ఉంటుంది, కోత బయటివైపు పడుతుంది. తను మాత్రం లోపలి నుంచి, గాజులోంచి చూస్తూ లోతు కనిపెట్టాలి. అందుకే చూపు ఆనని నల్లగాజును కోయడం కత్తిమీద సాము. చేపగుడ్లలా మిలమిలలాడే ‘నానకో’ నమూనాలో సన్నగీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. ఒక్క గీత పక్కకు జరిగినా లోపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చెరిపే వీలుండదు.

ఇంతా చేసి అది బీరువాలో దాచే సరుకు కాదు, సాకే అనే జపాన్ మద్యాన్ని చల్లగా పోసుకు తాగే గ్లాసు. రోజూ వాడే వస్తువుకు ఇంత నేర్పు ధారపోసే ఆ పనివాళ్లకు జేజేలు.